999 ముద్ర ఉన్న బంగారం ఎందుకు పగిలింది?

బెంగళూరు నగరత్‌పేటలో మా చిన్నాన్న ఇంకా కొలిమి ముందే కూర్చుంటారు. పోయిన నెల ఒక బిళ్ల కరిగించి మిషన్‌లో రేకు లాగుతుంటే అంచులు రంపం పళ్లలా పగిలాయి. మళ్లీ మూసలో పెట్టి వెలిగారం వేసి కరిగించారు, మళ్లీ అదే వరస. బిళ్ల మీద 999 ముద్ర స్పష్టంగా ఉంది. "సీసం తగిలిందిరా" అన్నారు. నేను ఆ ఊళ్లోనే పీణ్యలో లోహాలు పరీక్షించే ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను, ముక్క తీసుకెళ్లి చూశాను. సీసమే. అలాగని ముద్ర అబద్ధం కాదు. 999 అంటే వెయ్యి వంతుల్లో 999 బంగారం. మిగతా ఒక వంతు, అంటే 1000 పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) దాకా ఇంకేదైనా ఉండొచ్చు. అందులో సగానికి పైగా సీసమే ఉంది.

ఇది కొత్త సంగతేం కాదు. 1803లోనే చార్లెస్ హాచెట్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంగ్లండ్ నాణేల కోసం ప్రయోగాలు చేసి, సుమారు రెండువేల వంతుల్లో ఒక వంతు సీసమో బిస్మతో కలిసినా బంగారం పెళుసెక్కిపోతుందని చూపించాడు. కానీ అంత చిన్న పాలు కొలవడం ఎలా?

మనకు తెలిసిన పాత పద్ధతి గీటురాయి. అర్థశాస్త్రంలోనే దాని ప్రస్తావన ఉంది, బంగారానికి పదహారు వన్నెలూ ఉన్నాయి. మనం పదారువన్నె పుత్తడి అనేది అందుకే. 22 క్యారెట్లకీ 18కీ తేడా గీటు చెప్పేస్తుంది, 995కీ 999కీ తేడా మాత్రం దాని వల్ల కాదు.

ఆ తర్వాత మాట ఫైర్ అస్సే, అంటే నిప్పులో కాల్చి బంగారం పాలు తేల్చడం. తూచిన ముక్కకి వెండి చేర్చి సీసం రేకులో చుట్టి, ఎముకల బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన గిన్నెలో కాలుస్తారు. సీసం, రాగి ఆక్సైడ్లుగా మారి గిన్నెలోకి ఇంకిపోతాయి, వెండీ బంగారం గుండుగా మిగులుతాయి. దాన్ని సాగగొట్టి, చుట్ట చుట్టి, నైట్రిక్ యాసిడ్‌లో వేస్తే వెండి కరిగిపోతుంది. మిగిలిన గోధుమ రంగు చుట్టని కాల్చి తూస్తారు. ఇప్పటికీ హాల్‌మార్కింగ్‌కి ఆధారం ఇదే, ఆభరణాలకి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదంటాను నేను. కానీ ప్లాటినం జాతి లోహాలైన ఇరిడియం, రుథీనియం లాంటివి ఆ యాసిడ్‌కి లొంగవు, చుట్టలోనే ఉండిపోయి బంగారంతో పాటే తూకానికి వస్తాయి. కాస్త ఎక్కువుంటే నల్లటి చుక్కలు కంటికే కనిపిస్తాయి, తక్కువుంటే అవీ కనపడవు.

1874లో ఎమిల్ వోల్‌విల్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కరెంటుతో శుద్ధి చేసే పద్ధతి తెచ్చాక 99.99 శాతం బంగారం మామూలైంది. అంటే పరాయిదంతా కలిపి 100 పీపీఎం. అక్కడ తూకంలో వచ్చే పొరపాటే మలినం కంటే పెద్దది. అందుకే లెక్క తిరగేశారు: బంగారాన్ని కొలవడం మానేసి మలినాల్ని ఒక్కొక్కటిగా కొలిచి, మొత్తం వెయ్యిలోంచి తీసేయడం. దానికి దారి వేసింది జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్‌లు 1860 ప్రాంతంలో మంట వెలుగులో మూలకాల గీతలు చదవడం. 1955లో ఆలన్ వాల్ష్ అటామిక్ అబ్సార్ప్షన్ (అణువులు ఎంత వెలుగు పీల్చాయో చూసి కొలవడం), 60లలో ఆర్గాన్ ప్లాస్మా (ముక్కని వేల డిగ్రీల వేడి వాయువులో వెలిగించడం), 1980లో ఆ ప్లాస్మాకి అణువుల్ని బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్ జోడించడం, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

అయితే యంత్రం ఎంత మంచిదైనా మనల్ని తప్పుదారి పట్టించేవి చాలా ఉన్నాయి. ఉక్కు కట్టర్‌తో ముక్క కోస్తే ఇనుము అంటుకుంటుంది, అందుకని ముందు హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కడుగుతాం. బంగారాన్ని కరిగించే యాసిడ్ల మిశ్రమం ఆక్వా రెజియాలో కరిగిస్తే దాని క్లోరిన్, ప్లాస్మాలోని ఆర్గాన్‌తో కలిసి బరువు 75 దగ్గర కూర్చుంటుంది, అది సరిగ్గా ఆర్సెనిక్ చోటు. కొత్తలో నేను లేని ఆర్సెనిక్ కోసం రెండు రోజులు వెతికాను.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. తీసివేత లెక్కలో మనం వెతకని మూలకం ఏదున్నా అది బంగారం ఖాతాలోకి పోతుంది. ఇరవై మూలకాలు చూసిన ల్యాబ్ కంటే పది చూసిన ల్యాబ్ రిపోర్టులో అదే ముక్క మెరుగ్గా కనిపించొచ్చు. యంత్రాన్ని సరిచూసుకోడానికి నమ్మకమైన ప్రామాణిక బంగారం కావాలి. మన దేశంలో ప్రభుత్వ మింట్ (టంకశాల), బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం), ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) కలిసి 9999 స్థాయిలో, అంటే 99.99 శాతం శుద్ధితో, బీఎన్‌డీ-4201 అనే ప్రామాణిక బంగారం తయారుచేశాయి, అది నిజంగా పెద్ద పని.

చిన్నాన్న బిళ్ల చివరికి సురేకారం వేసి రెండుసార్లు కాలిస్తే గానీ లొంగలేదు, తరుగు ఆయన నెత్తినే పడింది. ఇప్పుడు ఆయన కొట్లో ముద్ర చూసి ఊరుకోవడం లేదు, సీసం ఎంత, బిస్మత్ ఎంత, కాగితం మీద రాసివ్వమంటున్నారు. రాసిచ్చే కొట్టు ఇంకా దొరకలేదు.