సర్వేలో పేరు ఎక్కితే పథకం వచ్చినట్టేనా?

పడమటి ప్రకాశం గ్రామాల్లోనూ, ఉదయగిరి వైపు మెట్ట మండలాల్లోనూ బోర్ల కరెంటు వాడకం, భూగర్భజల మట్టం, సౌర పంపుల పనితీరు వంటి అంశాలపై జరిగే పరిశోధన ప్రాజెక్టులకు క్షేత్రస్థాయిలో సమాచారం సేకరించడం నా వృత్తి. ఏ ఊరికి వెళ్లినా నాకన్నా ముందే అక్కడికి చేరి కూర్చునే అపోహ ఒకటుంది. సర్వేవాళ్లు వచ్చారంటే పథకం వస్తున్నట్టేననీ, వాళ్ల పుస్తకంలో పేరు ఎక్కితే లబ్ధిదారుల జాబితాలో ఎక్కినట్టేననీ జనం నమ్ముతారు. మిగతా అపోహలతో మహా అయితే రచ్చబండ దగ్గర వాదన పెరుగుతుంది, దీనితో మాత్రం డబ్బు పోతుంది.

కనిగిరి ప్రాంతంలోని ఒక ఊళ్లో, మేము దిగిన రెండో రోజే, ఒక పెద్దామె ఆధార్ జిరాక్సు, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఎండలో నడిచి వచ్చింది. "నాయనా, నా పేరు కూడా రాసుకో, పదిహేను వందలు ముందే కట్టినా" అంది. ఎవరికి కట్టిందో అడిగితే, సోలారు మోటారు జాబితాలో పేరు చేర్పిస్తానని ఊళ్లో తిరిగే ఒక మనిషికి అని చెప్పింది. ఆ మనిషితో మాకు ఏ సంబంధమూ లేదు; మా జీపు ఊళ్లోకి రావడమే అతనికి పెట్టుబడి అయింది. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. మూడు బోర్లు వేసి రెండు ఎండిపోయిన ఇంట్లో పదిహేను వందలకు ఆశ దొరుకుతుందంటే ఎవరైనా కొంటారు.

పరిశోధన సర్వేలో ఇళ్లను ఎంచేది లాటరీ పద్ధతిలో. నాలుగు వందల ఇళ్ల ఊళ్లో నలభై ఇళ్లను చీటీలు తీసినట్టు ఎంచుతాము కాబట్టి, పక్కింటికి వచ్చి మీ ఇంటికి రాకపోవడంలో పక్షపాతమూ లేదు, నష్టమూ లేదు. రాసుకున్న పేర్ల స్థానంలో విశ్లేషణకు ముందే సంకేత సంఖ్యలు వేస్తాము. ఇక పథకాల దారి పూర్తిగా వేరు. 2019లో మొదలైన పీఎం కుసుమ్ కింద సౌర పంపు కావాలన్నా, 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద ఇంటి కప్పుపై సౌర పలకలు పెట్టించుకోవాలన్నా ఎవరి దరఖాస్తు వారే పెట్టుకోవాలి, అర్హతను అధికారులే చూడాలి. ఆ వివరాలకు రాష్ట్ర ప్రభుత్వ సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్‌నో, మీ విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాన్నో అడగండి. పరిశోధకుడెవరూ రుసుము అడగడు, బ్యాంకు పుస్తకం అడగడు, ఫోనుకు వచ్చిన ఓటీపీ అసలే అడగడు. తెలుగులో రాసిన సమ్మతి పత్రం చదివి వినిపించి, మీరు ఒప్పుకున్న తరువాతే ప్రశ్నలు మొదలుపెడతాడు. ఇష్టం లేకపోతే మధ్యలోనే ఆపేయమని చెప్పే హక్కు మీకుంది.

ఈ అపోహకే భయం అనే రెండో ముఖం ఉంది. వివరాలు చెబితే మోటారుకు మీటరు బిగిస్తారనీ, బోరు మూసేయిస్తారనీ అనుకుని కొందరు ఆరు వందల అడుగుల బోరును రెండు వందలంటారు, ఇంచిన్నర నీళ్లను అరంగుళమంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది కానీ, ఆ అబద్ధం తిరిగి తగిలేది చెప్పినవారి ఊరికే. వంద అడుగుల నుంచి నీరు తోడే దానికన్నా మూడు వందల అడుగుల నుంచి అంతే నీరు తోడడానికి మూడింతల శక్తి కావాలి. నలభై ఇళ్లు నాలుగు వందల ఇళ్లకు ప్రతినిధులైనప్పుడు ఒక తప్పు జవాబు పది ఇళ్ల లెక్కను తప్పిస్తుంది. అలాంటి లెక్క మీద ఎంచిన సౌర పంపు కాగితం మీద బ్రహ్మాండంగా పనిచేసి, చేలో మాత్రం నీళ్లు పైకి ఎక్కించలేక మూలుగుతుంది. పొదిలి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లకు ఎన్ని కట్టెలు కాలుతాయో అడిగినప్పుడూ ఇదే తంతు. ఒక రైతు "రెండు ట్రాక్టర్లండీ" అని నిబ్బరంగా చెబుతుంటే, ఆయన వెనకే పేర్చి ఉన్న కట్టెల కుప్ప చింతచెట్టంత ఎత్తుంది. ఇద్దరమూ దాన్ని చూడనట్టే నటించాము.

విదేశీ నిధులు కోట్లలో వచ్చాయనీ, వాటిని ఊరికి పంచకుండా మింగుతున్నారనీ మరో పుకారు. పరిశోధన గ్రాంటు సంస్థ ఖాతాలోకి వస్తుంది, జీతాలు, పరికరాలు, ప్రయాణాలు అని పద్దులవారీగా ఖర్చవుతుంది, ఆడిట్ జరుగుతుంది. పంచిపెట్టడానికి అందులో పద్దే ఉండదు. అయినా ఊరికి మిగిలేది సున్నా కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో, వాటిలో మన ప్రకాశంలోనూ, 2000ల దశకంలో నడిచిన భూగర్భజల ప్రాజెక్టు రైతులకు రాయితీ ఏదీ ఇవ్వలేదు. రైతులే వర్షమాపకం చూసి, బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క వేసుకోవడం నేర్చుకున్నారు.

మిగతావి గబగబా చెబుతాను. ఎండ మండేకొద్దీ సౌర పలక ఎక్కువ కరెంటు ఇస్తుందనేది తప్పు. పలకకు వెలుగు కావాలి, వేడి అక్కర్లేదు. 25 డిగ్రీలు దాటాక పలక వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.5 శాతం తగ్గుతుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల దుమ్ము పట్టిన పలకలను తుడవకపోతే వచ్చే నష్టం దీనికి అదనం. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపిన ఇంటి సోలారు, కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. లైన్‌మన్ ప్రాణం కోసం, ఆగిన లైన్లోకి పలకల కరెంటు పోకుండా చేసిన ఏర్పాటు అది, మోసం కాదు. గాలిమరలు మబ్బులను తరిమేస్తాయన్న మాటకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

"ఇన్ని అడిగి రాసుకుపోతారు, మళ్లీ ముఖం చూపించరు" అనే మాటను మాత్రం అపోహల్లో చేర్చలేను, అది నిజం. మూడేళ్ల ప్రాజెక్టు ముగిసి, ఫలితాలు ఇంగ్లీషు పత్రికలో అచ్చయ్యేసరికి సమాధానం చెప్పిన రైతు మమ్మల్ని మరిచిపోతాడు, మేమూ మరిచిపోతాము. అందుకే ఇప్పుడు ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసిన తరువాత, జనవరిలో, కొలిచిన ప్రతి ఊరికీ తిరిగి వెళ్లి నీటిమట్టాల పట్టికను తెలుగులో చదివి వినిపిస్తున్నాము. కనిగిరి వైపు ఊళ్లో ఆ పెద్దామె ముందు వరుసలోనే కూర్చుంది. పదిహేను వందలు తిరిగి రాలేదట. పట్టికంతా విన్నాక, "మా బోరు చెప్పలేదే" అంది. ఆమె ఇల్లు చీటీల్లో రాలేదని చెప్పి, టేపు తీసుకుని ఆమె చేలోకి నడిచాను.