కెమెరా ఎదుటివాడి మీద ఉన్నప్పుడు: నటన గురించి అపోహలు, వాస్తవాలు

నటనలోకి వచ్చి 48 ఏళ్ళయింది. మొదటి పన్నెండేళ్ళు తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలు, పోటీల్లో వేసే పరిషత్తు నాటకాలు. ఆ తర్వాత సినిమాలు, ఈ మధ్య సీరియళ్ళు. తండ్రి, మామగారు, పూజారి, జడ్జి, ఇలాంటి వేషాలే ఎక్కువ వేశాను. ఇప్పుడు సాయంత్రాలు కొంతమంది పిల్లలకు నటన నేర్పుతున్నాను. వాళ్ళూ, వాళ్ళ అమ్మానాన్నలూ అనే మాటలు కొన్ని విన్నప్పుడల్లా కూర్చోబెట్టి వివరంగా చెప్పాలనిపిస్తుంది. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కన్నీళ్ళు తెప్పించుకోగలిగినవాడే గొప్ప నటుడు.

కొత్తగా చేరిన ప్రతి పిల్లాడూ ముందు నాకు ఏడ్చి చూపిస్తాడు. కన్నీళ్ళకు గ్లిజరిన్ ఉంది, అది పెద్ద విషయం కాదు. నాట్యశాస్త్రం సాత్త్విక భావాలు, అంటే మనసు కదిలితే ఒంట్లో కనబడే మార్పులు, ఎనిమిది అని చెప్పింది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారిపోవడం, చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు మారిపోవడం, వణుకు, మొహం పాలిపోవడం, కన్నీళ్ళు, స్పృహ తప్పడం, ఇన్ని ఉండగా మనవాళ్ళు అశ్రువు ఒక్కటే పట్టుకుని కూర్చున్నారు.

మా నాన్న పోయిన రోజు అమ్మ ఏడవలేదు. ఆయన చేతి గడియారానికి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విని, మళ్ళీ గూట్లో పెట్టేసింది. పక్కింటావిడ వచ్చి పట్టుకున్నా కదల్లేదు. అది స్తంభం. ఆ పదానికి అర్థం నాకు పుస్తకంలో తెలియలేదు, ఆ రోజు తెలిసింది. చాలా ఏళ్ళ తర్వాత ఒక సినిమాలో కొడుకు చావు కబురు వినే సీను వస్తే, గ్లిజరిన్ వద్దన్నాను. చేతిలో ఉన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను. ప్రేక్షకుడు ఏడవాలంటే వాడికి కాస్త చోటు వదలాలి. మనమే అంతా ఏడ్చేస్తే వాడికి చేయడానికి ఏమీ మిగలదు.

అపోహ: స్టేజీ మీంచి వచ్చినవాళ్ళు అతి చేస్తారు.

ఇందులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. నా మొదటి సినిమా షాట్‌లో నేను మాట్లాడిన మాటకు లైట్‌మెన్ తల తిప్పి చూశారు. ఊరి బయట పందిట్లో చివరి వరుసలో కూర్చున్న ముసలాయనకు వినిపించేలా మాట్లాడటం నాకు అలవాటు. కెమెరామెన్ పక్కకు పిలిచి, లెన్సు చూపించి, "తెర మీద మీ కనురెప్ప ఎంతుంటుందో తెలుసా అండీ? మీ అంత ఉంటుంది" అన్నారు. ఆ రాత్రి గదిలో అద్దం ముందు కూర్చుని, కనుబొమ్మలు కదపకుండా పేజీ డైలాగు చెప్పడం మొదలుపెట్టాను. నెల పట్టింది.

అయితే మోతాదు తగ్గించుకోవడం నెలలో వస్తుంది కానీ గొంతు, ఊపిరి, నిలకడ మాత్రం స్టేజీ లేకుండా నెలలో రావు. స్థానం నరసింహారావుగారు మగాడై ఉండి సత్యభామ వేస్తే, ఆ నడకకూ ఆ చూపుకూ ఆడవాళ్ళే ఆశ్చర్యపోయేవారని మా గురువుగారు చెప్పేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చీర కట్టుకోగానే సత్యభామ వచ్చేయలేదు కదా. జె.వి.సోమయాజులుగారు 'శంకరాభరణం' చేసేనాటికి యాభై దాటారు. సర్కారు ఉద్యోగం చేసుకుంటూ ఏళ్ళ తరబడి నాటకాలు ఆడారు. 1980లో జనం చూసిన ఆ నిలకడ స్టేజీ మీద తయారైంది.

అపోహ: డైలాగు ఎవరికి ఎక్కువ ఉంటే సీను వాళ్ళది.

నేర్పేటప్పుడు నేను ఎక్కువ సమయం పెట్టేది ఈ ఒక్కదానికే. 'పాండవోద్యోగ విజయాలు'లో పడక సీను తెలియని తెలుగువాడు ఉండడు. కృష్ణుడు పడుకుని ఉంటాడు, తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర అర్జునుడు. పద్దెనిమిదేళ్ళ వయసులో నేను అర్జునుడు వేశాను. నా పద్యం బాగా పాడాను, వన్స్‌మోర్ కూడా పడింది. తర్వాత కృష్ణుడు "బావా ఎప్పుడు వచ్చితీవు" అని దుర్యోధనుడి వైపు తిరిగాడు. ఆ పద్యం, ఆలాపన, మళ్ళీ జనం వన్స్‌మోర్ అనడం, ఇదంతా అయ్యేదాకా నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. మనసులో మాత్రం నాకొచ్చిన చప్పట్లే లెక్కపెట్టుకుంటున్నాను. నాటకం అయ్యాక గురువుగారు రంగు తుడుచుకుంటూ అన్నారు: "నీ పద్యం అవ్వగానే నువ్వు స్టేజీ దిగిపోయావురా. అక్కడ అర్జునుడి బట్టలే మిగిలాయి."

అన్నం సయించలేదు ఆ రాత్రి. ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజమే. కృష్ణుడు అవతలివాడితో మాట్లాడుతున్న ప్రతి మాటలోనూ అర్జునుడి భవిష్యత్తు ఉంది. ముందు ఎవరు వచ్చారు, ముందు ఎవరిని చూశాడు, సైన్యం ఎవరికి, సారథి ఎవరికి. అది వినని అర్జునుడు అర్జునుడెలా అవుతాడు?

సినిమాల్లో ఇది ఇంకా కష్టం. సీను మొత్తం ఒకేసారి తీసే మాస్టర్ షాట్‌లో ఇద్దరం ఉంటాం. తర్వాత ఒకరి భుజం మీదుగా రెండోవాళ్ళని చూపే సజెషన్ షాట్లు, క్లోజప్‌లు. క్లోజప్‌లో కెమెరా నా మీద ఉన్నప్పుడు ఎదుటి నటుడు ఫ్రేములో ఉండడు, ఒక్కోసారి సెట్లోనే ఉండడు. తన భాగం అయిపోయిందని వెళ్ళిపోతాడు. ఒకసారి నాకు చనిపోబోయే కూతురితో మాట్లాడే సీను. ఆ అమ్మాయికి వేరే షూటింగు ఉందని తీసుకెళ్ళిపోయారు. అసిస్టెంట్ కుర్రాడు లైట్ స్టాండుకు నల్ల టేపు ముక్క అంటించి "సార్, మీ లుక్ ఇదే" అన్నాడు, అంటే నేను చూడాల్సిన చోటు అది. కాగితం చూసి ఆమె మాటలు ఒకే పట్టున చదివాడు. నేను ఆ టేపు ముక్కను కూతురని నమ్మాలి. అప్పుడు చేసిన పని ఏమిటంటే, పొద్దున మాస్టర్ షాట్‌లో ఆ పిల్ల "నాన్నా" అన్నప్పుడు గొంతు ఎక్కడ విరిగిందో గుర్తు తెచ్చుకున్నాను. పొద్దున శ్రద్ధగా విన్నాను కాబట్టి సాయంత్రం అది నాకు పనికొచ్చింది.

దీనికి ఉల్టాగా కూడా చూశాను. పెద్ద నటుడొకాయన, షుగరు, మోకాళ్ళ నొప్పులు, తన క్లోజప్ అయిపోయాక కూడా కుర్చీ వద్దని కెమెరా పక్కన నిలబడి, కొత్త కుర్రాడికి తన డైలాగులు పూర్తి ప్రాణం పెట్టి అందించారు. ఏడు టేకులు, ఏడుసార్లూ. తెరమీద కనబడేది ఆ కుర్రాడి మొహమే. సినిమా వచ్చాక అందరూ కుర్రాడిని మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. ఆయన ఆ రోజు ఇచ్చింది మాత్రం ఏ పత్రికలోనూ రాలేదు.

అపోహ: డబ్బింగ్ అంటే పెదాలకు మాట అతికించడం.

తెరమీద నేను పరిగెత్తుకుంటూ వచ్చి మాట్లాడుతుంటాను. మూడు నెలల తర్వాత చల్లటి గదిలో మైకు ముందు నిలబడితే ఆ ఆయాసం ఎక్కడినుంచి వస్తుంది? నేనైతే స్టూడియో మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి లోపలికి వెళ్ళేవాణ్ణి. కమల్ హాసన్‌గారికి తెలుగులో ఎస్.పి.బాలుగారు గొంతిచ్చిన సినిమాలు చూడండి. పెదాలు కలవడం ఒక్కటే అయితే ఇన్నేళ్ళ తర్వాత మనం దాని గురించి మాట్లాడుకోం.

అపోహ: చెడ్డ వేషాలు వేసేవాళ్ళు లోపల కూడా అలాగే ఉంటారు.

సూర్యకాంతంగారి పేరు ఆడపిల్లలకు పెట్టడానికి జనం భయపడ్డారు. ఆవిడేమో ఇంట్లో వండించి సెట్‌కు తెచ్చి అందరికీ కడుపునిండా పెట్టిన మనిషి. ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

అపోహ: టీవీలో కనబడ్డాడంటే డబ్బుకు లోటుండదు.

క్యారెక్టర్ ఆర్టిస్టుకు ఎక్కువగా రోజు లెక్కన ఇస్తారు. సినిమా వందరోజులు ఆడినా మాకు ఇచ్చేది మేం పనిచేసిన ఆరు రోజులకో ఎనిమిది రోజులకో. టీవీలో ఆ సినిమా వందసార్లు వేసినా మళ్ళీ రూపాయి రాదు. ఒక నిర్మాత ఇచ్చిన చెక్కు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి బ్యాంకులో వేయలేదు, ఆయన పరిస్థితీ బాగాలేదని తెలిసి. మా ఆవిడ ఆపరేషనప్పుడు ఆస్పత్రి కౌంటర్ దగ్గర డబ్బు చాలక ఫోన్లు చేస్తుంటే, పక్కన ఇద్దరు సెల్ఫీ అడిగారు. వాళ్ళ తప్పు లేదు, ప్రేమతోనే అడిగారు. దిగాను.

చిత్తూరు నాగయ్యగారు 'త్యాగయ్య', 'యోగి వేమన' రోజుల్లో ఎంత సంపాదించారో, ఎందరికి పెట్టారో పెద్దలు కథలుగా చెప్పేవారు. 1973లో ఆయన ఇబ్బందుల్లోనే పోయారు. అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకు చదువు గానీ ఉద్యోగం గానీ వదలొద్దని గట్టిగా చెబుతాను. కోట శ్రీనివాసరావుగారు కూడా బ్యాంకు ఉద్యోగం చేస్తూనే నాటకాలు ఆడారు. నెల జీతం వస్తుంటే, నచ్చని వేషం వద్దనగల ధైర్యం ఉంటుంది.

అపోహ: నటుడికి రిటైర్మెంట్ ఉండదు.

ఉంటుంది. ఉత్తర్వు రాదు, అంతే. ముందు మేనేజర్ల ఫోన్లు తగ్గుతాయి. తర్వాత "సార్, ఈ వేషానికి కొంచెం వయసు తక్కువవాళ్ళని చూస్తున్నాం" అంటారు. ఆ తర్వాత అదీ అనరు. రెండేళ్ళు నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మా ఆవిడే ఒకరోజు "పక్క వీధి పిల్లలు నాటకం వేసుకుంటారట, కాస్త చూడండి" అని పంపింది.

వాళ్ళకు నేను మొదటి రోజు డైలాగు ఇవ్వను. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతాను. ఒకరు ఐదు నిమిషాలు తన ఊరి గురించి చెప్పాలి, రెండోవాళ్ళు మాట్లాడకుండా వినాలి, తర్వాత అదే తిరిగి చెప్పాలి. చాలామంది మాటలు చెబుతారు. పోయిన వారం పదమూడేళ్ళ పిల్ల ఒకతె మాటలన్నీ చెప్పి, చివర్లో "మామ్మ గురించి చెప్పేటప్పుడు తను రెండుసార్లు గుటక వేసింది సార్" అంది. ఎదురుగా కూర్చున్న పిల్ల ఆమెనే చూస్తూ ఉండిపోయింది.