ఎన్నికల బాండ్లు: ఓటరు ముందు మాత్రమే పడిన తాళం

నౌకాదళ విశ్రాంత అధికారి లోకేశ్ బత్రా 2024లో, పార్టీలకు విరాళంగా ఇచ్చేందుకు బ్యాంకులో కొన్న పత్రాలైన ఎన్నికల బాండ్ల వివరాలు డిజిటల్ రూపంలో ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద ఎస్‌బీఐని అడిగారు. ఏప్రిల్‌లో బ్యాంకు నుంచి వచ్చిన జవాబు: ఇవ్వలేము. ఖాతాదారులు నమ్మకంతో తమకు అప్పగించిన సమాచారమనీ, వ్యక్తిగత వివరాలనీ చెప్పి, సమాచారం నిరాకరించడానికి వీలిచ్చే సెక్షన్ 8ని చూపించింది. అప్పటికే బాండ్లు కొన్నవారి పేర్లు, మొత్తాలు సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌కు ఎక్కాయి. దేశమంతా చదివేసిన జాబితాను కూడా పౌరుడు అడిగితే ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పార్టీలకు కంపెనీలు విరాళాలివ్వడాన్ని 1969లో నిషేధించారు, 1985లో మళ్లీ అనుమతించారు. 2003లో 20,000 రూపాయలు దాటిన ప్రతి విరాళం వివరాలూ పార్టీలు ఎన్నికల సంఘానికి చెప్పాలని చట్టం వచ్చింది. 20,000కు లోపు ముక్కలు చేసి ఎంతైనా తీసుకోవచ్చు కాబట్టి అది చిల్లుల జల్లెడే. అయినా ఎంతో కొంత నిలిచేది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏ కంపెనీ అయినా గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఇవ్వకూడదు, ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో లెక్కల్లో చూపాలి. అదే ఏడాది జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలూ సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని తీర్పు చెప్పింది. పార్టీలు దాన్ని పట్టించుకోలేదు.

2017 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ ఎన్నికల బాండ్ల పథకాన్ని ప్రకటించారు. నల్లధనాన్ని అరికట్టి, బ్యాంకు ద్వారా తెల్లధనాన్ని పార్టీలకు చేర్చడమే లక్ష్యమన్నారు. దానికోసం ఆర్థిక బిల్లులో రిజర్వు బ్యాంకు చట్టాన్ని, ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని, ఆదాయపు పన్ను చట్టాన్ని, కంపెనీల చట్టాన్ని ఒకేసారి సవరించారు. 7.5 శాతం పరిమితి పోయింది. పార్టీ పేరు చెప్పాల్సిన నిబంధనా పోయింది. ద్రవ్య బిల్లుగా తెచ్చారు కాబట్టి రాజ్యసభ చేసిన సవరణలను లోక్‌సభ తోసిపుచ్చగలిగింది.

బడ్జెట్‌కు రెండు రోజుల ముందు, జనవరి 30న, రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి ఒక లేఖ రాసింది. చేతులు మారే ఇలాంటి పత్రం జారీ చేయడం చెడు సంప్రదాయమవుతుందనీ, కొన్నవారు ఒకరైతే పార్టీకి చేర్చేవారు మరొకరు కావచ్చనీ హెచ్చరించింది. బిల్లు అప్పటికే అచ్చయిందనీ, సలహా ఆలస్యంగా వచ్చిందనీ ఆర్థికశాఖ బదులిచ్చింది. మే నెలలో ఎన్నికల సంఘం కూడా న్యాయశాఖకు లేఖ రాసి దీన్ని తిరోగమన చర్య అంది. ఈ ఉత్తరాలేవీ ఆనాడు జనానికి తెలియవు. 2018 డిసెంబరులో రాజ్యసభలో అడిగితే, ఎన్నికల సంఘం నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదని ప్రభుత్వం సమాధానమిచ్చింది. ఆ మాట నిజం కాదని తేలింది బత్రా సమాచార హక్కు కింద తెప్పించిన ఫైళ్లలోనే. 2019 నవంబరులో పాత్రికేయులు వాటిని వరుస కథనాలుగా ప్రచురించారు. పదవీ విరమణ చేసిన ఒక మనిషి పది రూపాయల రుసుముతో దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి ఇంత తవ్వి తీశారు. ఈ చరిత్రలో నాకు అన్నింటికంటే విలువైన భాగం ఇదే.

పథకం పనిచేసే తీరు 2018 జనవరి 2 నోటిఫికేషన్‌లో ఉంది. 1,000 రూపాయల నుంచి కోటి రూపాయల వరకు అయిదు రకాల బాండ్లు. అమ్మేది ఒక్క ఎస్‌బీఐ, అదీ ఎంపిక చేసిన శాఖల్లో, ఏడాదికి నాలుగు విడతలుగా. పార్టీ వాటిని 15 రోజుల్లో తన ఖాతాలో జమ చేసుకోవాలి. బాండు మీద కొన్నవారి పేరు ఉండదు. కానీ కేవైసీ లేకుండా బాండు ఇవ్వరు, కాబట్టి పేరు బ్యాంకుకు తెలుసు. న్యాయస్థానం అడిగినా, క్రిమినల్ కేసు పెట్టిన దర్యాప్తు సంస్థ అడిగినా ఆ పేరు బయటపెట్టవచ్చని నోటిఫికేషన్‌లోనే రాశారు. బ్యాంకు ప్రభుత్వానిది, దర్యాప్తు సంస్థలూ ప్రభుత్వానివే. ఇక రహస్యం మిగిలింది ఎవరి దగ్గర? ఓటు వేసేవాడి దగ్గర.

2018 ఏప్రిల్‌లో ఒక పాత్రికేయురాలు వెయ్యి రూపాయల బాండ్లు కొని ప్రయోగశాలలో పరీక్ష చేయించారు. మామూలు కంటికి కనబడని ఒక సంఖ్య అతినీలలోహిత కాంతిలో తేలింది. నకిలీలను అరికట్టే ఏర్పాటే తప్ప, దాతను గుర్తించడానికి కాదని ఆర్థికశాఖ వివరణ ఇచ్చింది. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి.

సమాచార హక్కు కింద మొత్తాలు, శాఖల వారీ లెక్కలు మాత్రం వస్తూ వచ్చాయి. విలువలో 90 శాతానికి పైగా కోటి రూపాయల బాండ్లేననీ, అమ్మకాల్లో ముంబయి, కోల్‌కతాలతో పాటు హైదరాబాద్ శాఖ ముందు వరుసలో ఉందనీ తెలిసింది అలాగే. కోటి రూపాయల బాండు కొనేది సామాన్య కార్యకర్త కాదని వేరే చెప్పనక్కర్లేదు. పేర్లు అడిగినప్పుడు మాత్రం తలుపు మూసుకునేది. దాతల వివరాలు ఇవ్వకపోవడం సరైనదేననీ, వాటిలో విస్తృత ప్రజాప్రయోజనమేదీ కనబడలేదనీ 2020 డిసెంబరులో కేంద్ర సమాచార కమిషనే తీర్పు చెప్పింది. పార్టీలను ఈ చట్టం కిందికి తెచ్చిన కమిషన్ ఏడేళ్లకు ఈ మాట అనడం బాధగా అనిపిస్తుంది.

అసోసియేషన్ ఫర్ డెమోక్రాటిక్ రిఫార్మ్స్, కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థలు, సీపీఎం వేసిన పిటిషన్లు ఏళ్ల తరబడి సుప్రీంకోర్టులో నలిగాయి. 2019 ఏప్రిల్ 12న కోర్టు పథకాన్ని ఆపలేదు, వివరాలను సీల్డ్ కవర్లో ఎన్నికల సంఘానికి ఇవ్వమని పార్టీలను ఆదేశించింది. 2023 అక్టోబరులో, ప్రతిదీ తెలుసుకునే హక్కు పౌరులకు లేదని అటార్నీ జనరల్ కోర్టుకు నివేదించారు. 2024 ఫిబ్రవరి 15న జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని అయిదుగురి ధర్మాసనం ఏకగ్రీవంగా పథకాన్ని కొట్టేసింది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ ఇచ్చే తెలుసుకునే హక్కుకు ఇది విరుద్ధమని తేల్చి, మార్చి 6లోగా వివరాలు ఇవ్వాలని ఎస్‌బీఐని ఆదేశించింది.

గడువుకు రెండు రోజుల ముందు బ్యాంకు జూన్ 30 వరకు సమయం కోరింది. కొన్నవారి వివరాలు ఒకచోట, పార్టీల వివరాలు ఇంకోచోట ఉన్నాయనీ, 22,217 బాండ్లను జతపరచాలనీ చెప్పింది. జూన్ నాటికి లోక్‌సభ ఎన్నికలు అయిపోతాయి. మార్చి 11న కోర్టు ఒప్పుకోలేదు, మర్నాటి సాయంత్రంలోగా ఇవ్వాలంది. 14న జాబితాలు వచ్చాయి కానీ, ఎవరి బాండు ఎవరికి చేరిందో చెప్పే ముడి లేదు. ఆ ముడి ఆ కనబడని సంఖ్యే. కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక మార్చి 21న అదీ వచ్చింది. పౌరులు, పాత్రికేయులు రెండు జాబితాలనూ గంటల్లో జతపరిచారు.

బీజేపీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్‌కు 1,609, కాంగ్రెస్‌కు 1,421, బీఆర్‌ఎస్‌కు 1,214 కోట్లు. వైఎస్సార్‌సీపీకి 337, టీడీపీకి 218 కోట్లు. కొన్నవారిలో 1,368 కోట్లతో లాటరీ సంస్థ ఫ్యూచర్ గేమింగ్ మొదటిది, 966 కోట్లతో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ రెండోది. సీల్డ్ కవర్లలో పార్టీలు రాసిచ్చినవీ బయటికొచ్చాయి. డీఎంకే లాంటి కొద్ది పార్టీలు దాతల పేర్లు చెప్పాయి. జేడీయూ మాత్రం 2019 ఏప్రిల్ 3న ఎవరో పట్నా కార్యాలయానికి వచ్చి కవరు ఇచ్చి వెళ్లారనీ, తెరిస్తే కోటి చొప్పున 10 బాండ్లు ఉన్నాయనీ రాసింది.

ఈ జాబితా 2019 ఏప్రిల్ 12 నుంచి మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ, రెండు తెలుగు రాష్ట్రాల లోక్‌సభ స్థానాలకూ పోలింగ్ జరిగింది అంతకు ఒక్క రోజు ముందు, ఏప్రిల్ 11న. తెలంగాణ శాసనసభ ఎన్నిక 2018 డిసెంబరులోనే అయిపోయింది. 2018 మార్చి నుంచి ఆ తేదీ దాకా అమ్ముడైన బాండ్ల విలువ సుమారు 4,000 కోట్లు. వాటిని కూడా బయటపెట్టమని వేసిన దరఖాస్తును 2024 మార్చిలో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఆ రెండు ఎన్నికల వేళ పార్టీల ఖాతాలకు ఎంత చేరిందో చెప్పుకున్న లెక్కలున్నాయి. ఎవరిచ్చారో చెప్పే పేర్లు చాలావరకు ఇంకా ఎస్‌బీఐ దగ్గరే ఉన్నాయి.