పచ్చచుక్క సరే, క్యాప్సూల్ సంగతేంటి?

మొన్న సిరిమాను పండగకి మా అక్క కొడుకు నార్త్ కరోలినా నుంచి విజయనగరం వచ్చాడు. వేటమాంసం వడ్డించబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు అమ్మమ్మా, పడదు. పిడుదు కరిచింది."

మా అమ్మ తెల్లబోయింది. పిడుదు పట్టేది గేదెలకి కదా!

మేక, గొర్రె, పంది, ఆవు లాంటి పాలిచ్చే జంతువుల ఒంట్లో ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. మనిషికి ఉండదు. కోడికీ చేపకీ కూడా ఉండదు. అమెరికాలో లోన్ స్టార్ అనే పిడుదు కరిచినప్పుడు, దాని లాలాజలంతో ఈ చక్కెర చర్మంలోకి చేరి కొందరిలో ఐజీఈ యాంటీబాడీలు, అంటే అలర్జీ రేపే ప్రొటీన్లు, పుట్టిస్తుంది. ఆ తర్వాత మాంసం తింటే దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా రావచ్చు. రొయ్య పడనివాడికి నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ మాంసం అలర్జీ సాధారణంగా రెండు నుంచి ఆరు గంటల తర్వాత బయటపడుతుంది. రాత్రి భోజనం చేసి పడుకున్నవాడు అర్ధరాత్రి దాటాక గోక్కుంటూ లేస్తే, కూర మీద ఎవరికి అనుమానం వస్తుంది?

అసలు ఈ గుట్టు బయటపడింది కూరతో కాదు, మందుతో. సెటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు మొదటి డోసుకే కొందరికి తీవ్రంగా వికటించింది. ఎలుక కణాల్లో తయారయ్యే ఆ మందులో ఆల్ఫా-గాల్ ఉందని, ఆ రోగుల రక్తంలో దాని మీద యాంటీబాడీలు ముందే ఉన్నాయని 2008లో అలర్జీ నిపుణుడు థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం తేల్చింది.

సాయంత్రం కిరాణా కొట్లో మావాడు ప్రతి ప్యాకెట్టూ తిరగేశాడు. పచ్చచుక్క ఉంటే మాంసం, జంతువుల కొవ్వు, జెలటిన్ లేనట్టే. పాలూ నెయ్యీ మాత్రం ఉండొచ్చు. ఈ అలర్జీ ఉన్న చాలామందికి అవి పడతాయి, వీడికి పడవు. ఇక మాంసాహార గుర్తయిన గోధుమరంగు త్రికోణం ఉన్నదాంట్లో ఒట్టి గుడ్డే ఉండొచ్చు, అది వీడు హాయిగా తింటాడు. మన గుర్తులు శాకాహారికి పనికొచ్చినంతగా వీడికి పనికిరావు. అలర్జీ కారకమని విడిగా రాయాల్సిన వాటిలో పాలు, గుడ్డు, చేప, వేరుశనగ ఉన్నాయి, మాంసం లేదు. జెల్లీ మిఠాయి ప్యాకెట్టు మీద 'జెలటిన్' అన్న మాట కోసం మడత విప్పి, ఫోన్ లైటు వేసి వెతికాడు.

జలుబు చేస్తే మందుల షాపుకి వెళ్లాం. "ఏటి బాబూ, క్యాప్సూల్ డొల్ల కూడా పడదా?" అన్నాడు షాపాయన. ఆ డొల్ల చాలావాటికి జెలటినే, అంటే జంతువుల ఎముకలూ తోలూ ఉడికించి తీసిందే. స్ట్రిప్ మీద డొల్లకి వేసిన రంగు గురించి ఉంది కానీ, డొల్ల దేనితో చేశారో లేదు. మాత్ర తీసుకుందామంటే వెనక 'ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్.' అని ఉంది. మందు కానివి తగినంత కలిపాం అని దానర్థం. ఏం కలిపారో ఆ స్ట్రిప్ మీద లేదు. ఆ కలిపినవాటిలో, మాత్ర అచ్చుకి అంటుకోకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్ ఉంటే అది మొక్కల నూనెతోనూ చేసి ఉండొచ్చు, పశువుల కొవ్వుతోనూ చేసి ఉండొచ్చు. కిరాణా కొట్లో కనీసం ఓ చుక్కయినా కనిపించింది. ఇక్కడ ఆ చుక్క కూడా లేదు.

చివరికి ఖాళీ చేతులతో ఇంటికొచ్చాం. అమ్మ మిరియాల చారు పెట్టింది.

"తాలింపు నూనెతోనే కదా అమ్మమ్మా?" అని అడిగి మరీ గ్లాసు అందుకున్నాడు.