గ్రాంటు డబ్బు: అపోహలు, వాస్తవాలు

పేదరికం మీద పనిచేసే చిన్న సంస్థలకి గ్రాంట్లు ఇచ్చే ఉద్యోగం నాది. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాలు నా పరిధి. కంపెనీల వాళ్లు, దాతలు, పెళ్లిళ్లలో కలిసే మా చుట్టాలు కూడా తిప్పి తిప్పి ఇవే మాటలు అంటుంటారు. ఒకచోట రాసి పెడితే ఓ పనైపోతుంది.

అపోహ: సంస్థ ఆఫీసు ఖర్చు 5 శాతం దాటితే చట్టం ఒప్పుకోదు.

వాస్తవం: ఆ 5 శాతం సంస్థకి కాదు, కంపెనీకి. కంపెనీ తన సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు, ఆ ఏడాది మొత్తం సీఎస్ఆర్ ఖర్చులో 5 శాతం మించకూడదని నిబంధన. ఊళ్లో పనిచేసే సంస్థ ఖర్చులు అందులోకి రావు. అయినా అదే అంకె తెచ్చి సంస్థల బడ్జెట్ మీద పెడతారు. కొన్నేళ్లపాటు నేనూ అలాగే ఎర్రపెన్నుతో కొట్టేశాను.

సీతంపేట వైపు ఒక సంస్థకి వెళ్లాను. ఒకటే గది, ఒక బీరువా. లెక్కలు రాసేది డిగ్రీ చదివిన ఓ అమ్మాయి. వోచర్ల ఫైలు తిరగేశాను. ప్రతి ఆటో ఖర్చుకీ తెల్లకాగితం మీద ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద, డ్రైవరు సంతకం. సంతకం రానివాళ్ల వేలిముద్ర, పక్కనే సాక్షి పేరు. ఐదు వేలు దాటిన షామియానా రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. "నీ జీతం ఏ పద్దులో ఉందమ్మా?" అని అడిగితే ఆమె తల దించుకుంది. బడ్జెట్‌లో ఆమె హోదా ఫీల్డ్ కోఆర్డినేటర్. అకౌంటెంట్ అని రాస్తే మేం కొట్టేస్తామని వాళ్లకి ముందే తెలుసు. యూసీ (గ్రాంటు దేనికి ఖర్చయిందో చెప్పే ధ్రువపత్రం) టైముకి కావాలి, ఆడిట్ రిపోర్టు కావాలి, మూణ్ణెల్లకో నివేదిక కావాలి. అవన్నీ రాసే మనిషికి జీతం మాత్రం ఇవ్వం! ఆ ఫైల్లో ఉన్న ఒకే ఒక్క అబద్ధం మేం రాయించింది.

అపోహ: ఏడాది గ్రాంటు చాలు, మార్చి 31కి ఫలితం చూపించాలి.

వాస్తవం: జీడితోటకి ఎండాకాలంలో గోతులు తీసి, తొలకరికి మొక్క పెట్టాలి. కంపెనీ బోర్డు బడ్జెట్‌కి ఒప్పుకుని, ఎంఓయూ (ఒప్పందపత్రం) మీద సంతకాలయ్యి, మొదటి విడత ఖాతాలో పడేసరికి దసరా వచ్చేస్తుంది. అంటుమొక్కయినా కాపు మొదలయ్యేది మూడో ఏడే. చట్టం ఇంత తొందరపెట్టడం లేదు. 'కొనసాగే ప్రాజెక్టు' కింద చూపిస్తే మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు గడువుంది. ఖర్చుకాని డబ్బు ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో వేరే ఖాతాలోకి మారిస్తే సరి. బోర్డుకి మరో కాగితం పెట్టాలనే బద్ధకంతో ఈ దారి వదిలేసినవాళ్లని చాలామందిని చూశాను.

అపోహ: సీఎస్ఆర్ డబ్బు ఫ్యాక్టరీ చుట్టుపక్కలే ఖర్చు పెట్టాలి.

వాస్తవం: అక్కడ ప్రాధాన్యం ఇమ్మంది చట్టం, అంతకు మించి కాలు పెట్టొద్దనలేదు.

అపోహ: విదేశీ నిధులొచ్చే పెద్ద సంస్థ చుట్టుపక్కల చిన్న సంస్థలకి పంచొచ్చు.

వాస్తవం: ఒకప్పుడు పంచేవారు. 2020 సెప్టెంబరులో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణతో ఆ పద్ధతి ఆగిపోయింది. ఇద్దరికీ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, ఒకరి ఖాతాలోంచి ఇంకొకరికి మళ్లించకూడదు. పాలనా ఖర్చు పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి దిగింది. అలా నడిచిన చిన్న సంస్థలు ఇప్పుడు ఇక్కడి కంపెనీల వైపు, ఇక్కడి దాతల వైపు చూస్తున్నాయి. అక్కడేమో పైన చెప్పిన 5 శాతం గొడవ.

అపోహ: మనవాడే కదా, అమెరికా నుంచి పంపితే విదేశీ విరాళం ఎలా అవుతుంది?

వాస్తవం: ఇది మా మేనల్లుడి ప్రశ్న. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, పుట్టింది పలాసలోనైనా, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) ఉన్నా, విదేశీ విరాళమే. (రెండు పాస్‌పోర్టులూ నీలమే, రంగు చూసి పొరబడకండి.) అప్పుడు సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోని సంస్థ ఖాతాలోనే పడాలి. "పోనీ నాన్న ఖాతాకి పంపి ఆయన చేత ఇప్పిస్తే?" అన్నాడు. ఎన్ని చేతులు మారినా చట్టం దాన్ని విదేశీ విరాళంగానే చూస్తుంది. ఇరుక్కునేది తీసుకున్న సంస్థ.

వాడు డబ్బు పంపలేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు సీతంపేట వెళ్లి, నాలుగు రోజులు కూర్చుని ఆ అమ్మాయికి టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్పాడు. ఈ ఏడు వాళ్ల బడ్జెట్‌లో అకౌంటెంట్ జీతం అకౌంటెంట్ పేరుతోనే వచ్చింది. నేను పెన్ను తీయలేదు.