డిస్క్ బ్రేకులు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో బ్రేకుల పని చేసేవాణ్ని. బండి దింపగానే ఎక్కువమంది అనే మాట ఒకటుంది.

అపోహ: "బ్రేక్ ఆయిల్ తగ్గింది, కాస్త పోసేయండి."

వాస్తవం: ఆయిల్ ఊరికే తగ్గదు. చక్రంతో పాటు తిరిగే డిస్క్‌ను రెండు పక్కలా నొక్కే పలకలే ప్యాడ్లు, వాటిని పట్టి ఉంచేది కాలిపర్, అందులో ఉండి ఆయిల్ ఒత్తిడితో ప్యాడ్లను నెట్టేది పిస్టన్. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్‌లో పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. అందుకే ముందు ప్యాడ్లు చూడాలి, తర్వాత లీకు వెతకాలి. చూడకుండా పోసేస్తే, కొత్త ప్యాడ్ల కోసం పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగుతుంది. పెయింట్ మీద పడితే రంగు లేచిపోతుంది.

అపోహ: "లీకు లేదుగా, ఆయిల్ మార్చడం ఎందుకు?"

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదమైనది ఇదే. మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిళ్లు గాలిలో తేమను పీల్చుకుంటాయి. మన ఉక్కపోత సంగతి తెలిసిందే. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం ప్రకారం ఆ హద్దు 155 డిగ్రీలే. శ్రీశైలం ఘాట్‌లో కిందికి దిగుతూ బ్రేకు అదే పనిగా తొక్కితే పాత ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బండి ఆగదు. కాబట్టి రెండేళ్లకోసారి మార్పించండి, దిగేటప్పుడు చిన్న గేరులో ఉండండి. ఎప్పుడో మూత తీసిన డబ్బాలోది పోయనివ్వకండి. ఇంజిన్ ఆయిలైతే చుక్క కూడా వద్దు, రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి.

అపోహ: "ఒక ప్యాడే అరిగింది, అదొక్కటే మార్చండి."

వాస్తవం: ముందు వైపు చక్రాలు రెండిటికీ కలిపి సెట్టుగా మార్చాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. ఒకే కాలిపర్‌లో ఒక ప్యాడ్ మరీ అరిగిందంటే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నో, పిస్టనో బిగుసుకుపోయి ఉంటుంది. అది సరిచేయకుండా కొత్తవి వేస్తే డబ్బు దండగ.

అపోహ: "కీచుమంటోంది, కొంచెం గ్రీజు పెట్టండి."

వాస్తవం: ఆ కీచు చాలా బళ్లలో ప్యాడ్ అయిపోయిందని చెప్పే రేకుది. తగిన గ్రీజు పిన్నులకు రాయొచ్చు గానీ ప్యాడ్ రాసుకునే వైపు, డిస్క్ మీద అంటకూడదు. డీజిల్‌తో కడగడం కూడా అంతే తప్పు, బ్రేక్ క్లీనర్ వాడాలి. దుమ్మును గాలి పైపుతో ఊదొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లకు: జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండ్లు పెట్టండి. కాలిపర్‌ను బ్రేక్ ఆయిల్ పైపుకు వేలాడదీయకుండా తీగతో కట్టండి. ప్యాడ్లు వేశాక, బండి కదిలించే ముందు, పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. మొదటి తొక్కుడుకు పెడల్ నేలకంటుతుంది, ఎందుకంటే వెనక్కి నెట్టిన పిస్టన్ ఇంకా ప్యాడ్ దగ్గరికి రాలేదు.