హైపర్ థైరాయిడ్: అపోహలు - వాస్తవాలు

"మాకూ థైరాయిడే" అని మాట కలిపే చుట్టాలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లలో చాలామందిది గ్రంథి మందగించిన హైపో. ఇక్కడ చెప్పేది దానికి పూర్తిగా ఎదురైన హైపర్ జబ్బు గురించి. ఇందులో గ్రంథి అవసరానికి మించి హార్మోన్ వదులుతుంది. ఒకరికి పనికొచ్చిన సలహా రెండో వాళ్లకు హాని చేయొచ్చు. కింద రాసిన అపోహల్లో సగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల పుట్టినవే.

అపోహ: చెమటలు, నీరసం, గుండెదడ... ఎండాకాలం కదా, మామూలే.

హైదరాబాద్‌లో మే నెలలో అందరికీ చెమట పడుతుంది నిజమే. కానీ పొద్దున లేచి మంచం దిగకముందే నాడి నిమిషానికి 90 - 100 దాటుతోందంటే దాన్ని ఎండ మీదికి నెట్టకండి. ఫ్యాన్ ఆపి, రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్లు విప్పి, వాటి మీద ఒక తెల్లకాగితం పెట్టి చూడండి. కాగితం అంచులు సన్నగా అదురుతుంటే ఆ వణుకుకు కారణం తెలుసుకోవాల్సిందే. ఆకలి బాగా ఉండి, తిన్నా బరువు తగ్గుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అరవై దాటిన వాళ్లలో ఇవేవీ కనిపించక, గుండె లయ తప్పడం ఒక్కటే బయటపడొచ్చు.

అపోహ: థైరాయిడ్ మాత్ర ఏదైనా పరగడుపునే వేసుకోవాలి.

ఆ నియమం హైపోకి వాడే థైరాక్సిన్‌ది. హైపర్‌కి ఇచ్చే కార్బిమజోల్‌ను తిన్నాక వేసుకున్నా ఇబ్బంది లేదు, రోజూ ఒకే వేళకు పడితే చాలు. తక్కువ డోసులో ఉన్నవాళ్లకు రోజుకు ఒకసారి సరిపోతుంది కాబట్టి, రంజాన్ ఉపవాసాల్లో సహరీకో ఇఫ్తార్‌కో మార్చుకోవడం కుదురుతుంది. ఆ మార్పు నెల మొదలయ్యే ముందే డాక్టర్‌తో మాట్లాడి చేసుకోండి.

ఒకే ఇంట్లో తల్లికి కార్బిమజోల్, కూతురికి థైరాక్సిన్ ఉంటే రెంటినీ వేరువేరు చోట్ల పెట్టి, మూతల మీద పేర్లు రాయండి. థైరాక్సిన్ డోసు మైక్రోగ్రాముల్లో, కార్బిమజోల్ డోసు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. హైపర్ మనిషి పొరపాటున రోజూ థైరాక్సిన్ మింగితే అగ్నికి ఆజ్యం పోసినట్టే.

అపోహ: టీఎస్‌హెచ్ ఇంకా లేవలేదు, మందు పనిచేయట్లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదేనని మా నమ్మకం. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పనిచేయించడానికి పిట్యూటరీ (మెదడు కింద ఉండే గ్రంథి) పంపే హార్మోన్. ఫ్రీ టీ4, టీ3 థైరాయిడ్ వదిలే హార్మోన్లు. మొదటి రిపోర్టులో టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువ, ఫ్రీ టీ4 పైహద్దుకు రెండింతలు ఉందనుకోండి. ఆరు వారాలకు ఫ్రీ టీ4 హద్దుల్లోకి దిగింది, టీఎస్‌హెచ్ మాత్రం అక్కడే ఉంది. అది మందు లోపం కాదు. ఎక్కువ హార్మోన్‌కు అలవాటుపడి పిట్యూటరీ టీఎస్‌హెచ్ తయారీని తగ్గించేసుకుంది. మళ్లీ తేరుకోడానికి నెలలు పడుతుంది. ఆ అంకె చూసి డోసు పెంచితే మనిషి హైపోలోకి జారి, ముఖం ఉబ్బి, బరువు పెరుగుతారు. మొదటి నెలల్లో ఫ్రీ టీ4, టీ3 చూసి, 4 - 6 వారాలకొకసారి డోసు సరిచేయాలి.

కార్బిమజోల్ కొత్త హార్మోన్ తయారీని ఆపుతుంది కానీ గ్రంథిలో అప్పటికే నిల్వ ఉన్నదాన్ని ఏమీ చేయదు. అందుకే తేడా తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపు దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రనలాల్ ఇస్తారు. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి, ఆ మాత్ర మీకు పడదు.

ఇంకో చిక్కు: జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్ అనే విటమిన్. కొన్ని పరీక్షా పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, ఫ్రీ టీ4ను ఎక్కువగా చూపించి, లేని హైపర్‌ను రిపోర్టులోకి తెస్తుంది. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి.

అపోహ: జ్వరం, గొంతునొప్పికి పారాసెటమాల్ చాలు.

కార్బిమజోల్ వాడుతున్నవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. వెయ్యిమందిలో ఇద్దరు నుంచి ఐదుగురికి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లో, ఈ మందు తెల్లకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. వానాకాలంలో నగరంలో ఎవరికి జ్వరం వచ్చినా వైరల్ అనో డెంగీ అనో అనుకుంటాం, అక్కడే సమయం పోతుంది. జ్వరంతో గొంతునొప్పి గానీ నోటిపూత గానీ వస్తే మాత్ర ఆపి, అదే రోజు సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించండి. ప్లేట్‌లెట్ల దగ్గర ఆగకుండా న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్లకణాలు) లెక్క చూడమని అడగండి. అది 500 కంటే తక్కువుంటే వెంటనే ఆస్పత్రిలో చేరాలి. కళ్లు పచ్చబడ్డా మాత్ర ఆపి వెళ్లాల్సిందే.

అపోహ: కుర్రాడికి రాత్రికి రాత్రి కాళ్లు పడిపోయాయంటే పక్షవాతమే.

హైపర్ ఉన్న యువకుల్లో, ముఖ్యంగా ఆసియా దేశాల మగవాళ్లలో, రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పడిపోయి కాళ్లు కదలవు. రాత్రి పొద్దుపోయాక పొట్టపగిలేలా బిర్యానీ తిని పడుకుని, తెల్లవారుజామున లేవలేకపోవడం దీని తీరు. అన్నం పెంచిన ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి లాగేస్తుంది. ఎమర్జెన్సీలో పొటాషియం, ఈసీజీతో పాటు థైరాయిడ్ పరీక్ష కూడా అడగండి. ఇంట్లో ఎలక్ట్రాల్ తాగించి కూర్చోవద్దు.

అపోహ: అయోడిన్ ఉప్పు మానాలి, క్యాబేజీ తింటే తగ్గుతుంది.

వంటింటి ఉప్పు మానక్కర్లేదు. సముద్రపు నాచు మాత్రలు మాత్రం వద్దు. క్యాబేజీ కూరగా తినండి, మందుగా కాదు.

అపోహ: రేడియో అయోడిన్ అంటే క్యాన్సర్ వైద్యం, జుట్టంతా పోతుంది.

ఇది థైరాయిడ్ కణాలను దెబ్బతీసే రేడియోధార్మిక అయోడిన్. 1941లో బోస్టన్‌లో డాక్టర్ సాల్ హెర్ట్జ్ దీన్ని మొదట ఇచ్చింది హైపర్ థైరాయిడ్‌కే. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రి లాంటి చోట్ల న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో ఇస్తారు. మింగేది ఒక క్యాప్సూల్, లేదా గుక్కెడు ద్రవం. దాని శక్తి 8 రోజులకు సగమవుతుంది. ముందు కొన్ని రోజులు కార్బిమజోల్ ఆపుతారు. తర్వాత చెప్పినన్ని రోజులు విడిగా పడుకోవాలి, చంటిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. నెలల్లో చాలామంది హైపో అవుతారు, ఇక రోజుకో థైరాక్సిన్ మాత్ర. దీన్ని వైద్యం వికటించడంగా చూడొద్దు, ముందే అనుకున్న ఫలితమిది. కళ్లు ఉబ్బి ఎర్రబడి ఉన్నవాళ్లకు, పొగతాగేవాళ్లకు కంటి జబ్బు ముదరొచ్చు కాబట్టి ముందు కళ్లు చూపించాలి.

అపోహ: గర్భం వస్తే మాత్రలన్నీ ఆపేయాలి.

మొదటి నెలల్లో కార్బిమజోల్ బిడ్డకు లోపాలు తేవచ్చు. అలాగని జబ్బును వదిలేసినా తల్లికీ బిడ్డకీ ప్రమాదమే. తొలి మూడు నెలలకు ప్రొపైల్‌థయోయురాసిల్ అనే మరో మందుకు మారుస్తారు. రేడియో అయోడిన్ తీసుకున్న స్త్రీలు ఆర్నెల్లు ఆగాలి. నెల తప్పిందనిపించిన రోజే పరీక్ష చేసుకుని, ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.